జవాబు నాది

జర్మనీలో నా మొదటి చలికాలం. హాల్‌టికెట్ సంగతి కనుక్కుందామని పరీక్షకు రెండు రోజుల ముందు పరీక్షల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి పెద్దావిడ కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. జాబితాలో నా పేరు లేదు. క్లాసులకు వెళ్లినంత మాత్రాన సరిపోదు, గడువులోగా ఎవరి పేరు వాళ్లే నమోదు చేసుకోవాలి. “ఎందుకు చేసుకోలేదు?” అని ఆవిడ మామూలుగానే అడిగింది. “ఎవరూ చెప్పలేదు” అన్నాను. నా చెవికే అది చిన్నపిల్లాడి మాటలా వినిపించింది.

సాయంత్రం ఫోన్లో నాన్న, “వాళ్లతో నేను మాట్లాడనా?” అన్నారు. ఆయనకు జర్మన్ రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు నెట్ సెంటర్లో నా పక్కన కూర్చుని వెబ్ ఆప్షన్లు ఒక్కొక్కటే పెట్టించింది ఆయనే. మెకానికల్ అన్నారు, పెట్టాను. జర్మనీకి పంపుదామన్నది మేనమామ. అందరూ ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమ నీడన, ఒక్క నిర్ణయమూ నాదనకుండానే ఇరవై మూడేళ్లవాణ్ణయ్యాను.

ఇప్పుడు ఇక్కడికొచ్చే విద్యార్థి సాధారణంగా ఏడాది ఖర్చుకని బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి చూపాలి. అందులోంచి నెలకు 992 చొప్పున చేతికొస్తుంది. డబ్బుకైతే నెలవారీ లెక్క ఉంది. రోజులెలా ఖర్చవుతున్నాయో అడిగేవాళ్లు లేరు. చాలా క్లాసుల్లో హాజరు కూడా వేయరు.

జర్మన్ నేర్చుకుంటుంటే ‘ఐగెన్‌ఫెరాంట్‌వోర్టుంగ్’ అనే మాట తగిలింది. ఎవరి బాధ్యత వారిదే అని అర్థం. దాని కడుపులో ‘ఆంట్‌వోర్ట్’ ఉంది, అంటే జవాబు. మన ‘బాధ్యత’లో నాకెప్పుడూ బాధే వినిపించేది. ‘జవాబుదారీ’ అన్న మాట కూడా మనకుందని అప్పుడు గుర్తొచ్చింది. 1784లో బెర్లిన్ పత్రికలో అచ్చయిన తత్వవేత్త కాంట్ వ్యాసం పేరులోనూ జవాబు ఉంది: జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు. మనిషికి కొదవైనది తెలివి కాదనీ, ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా దాన్ని వాడుకునే ధైర్యమనీ ఆయన వాదం. నన్ను చూసి రాసినట్టే అనిపించింది.

జవాబుదారీ అంటే జరిగిన ప్రతిదానికీ తప్పు నెత్తిన వేసుకోవడం కాదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలల గడువిస్తారు. కంపెనీలు మనుషుల్ని తీసుకోని రోజుల్లో ఆ గడువు కరిగిపోతే అది కుర్రాళ్ల తప్పు కాదు. కానీ ఆ రోజుల్లో పొద్దున్నే లేచి జర్మన్ పుస్తకం తెరవాలా వద్దా అన్నదానికి జవాబు చెప్పాల్సింది వాళ్లే.

పరీక్ష చేజారిన ఆ నెల మెకానికల్ వదిలేద్దామా అని నిజంగానే ఆలోచించాను. లాబ్‌లో బేరింగ్ విప్పి, అరిగిన గోళీని వేలితో తడిమి, ఆ గీత ఎందుకు పడిందో కనుక్కునేటప్పుడు నాకు ఆకలి గుర్తుండదని అప్పుడే గమనించాను. వదల్లేదు. తర్వాతి గడువు తెరుచుకున్న రోజే నమోదు చేసుకున్నాను.

చాన్నాళ్లకు ఒక ఇంటర్వ్యూలో అడిగారు, ఈ రంగం ఎందుకు ఎంచుకున్నారని.

“మొదటిసారి నాన్న ఎంచుకున్నారు. రెండోసారి నేను ఎంచుకున్నాను” అన్నాను.