ఇంట చేర్చిన పిల్లి ఒక అమానతు

గత మాసం అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక యువకుడు మమ్మల్ని ఆపి, కాస్త కోపంగానే ఒక సంగతి చెప్పాడు. ఊరి చివరనున్న జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లి ఒక పిల్లిని అడిగాడట. పొట్టి వెంట్రుకల మామూలు నాటు పిల్లి. ఎవరో అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి పోయారట. అక్కడివారు వెంటనే ఇవ్వకుండా ఒక ఫారం చేతికిచ్చారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? బాల్కనీకి జాలీ ఉందా? ఇంట్లో అందరికీ సమ్మతమేనా? మీరు ఊరు వెళితే ఎవరు చూస్తారు?

“మౌలానా సాబ్, దిక్కులేని జీవానికి నీడనిస్తానంటే ఇన్ని ప్రశ్నలా? ఇది సవాబు పని కాదా?” అన్నాడు.

“మీ గల్ఫ్ వీసా సంగతి ఎంతవరకు వచ్చింది?” అని అడిగాము. అతను బదులు చెప్పలేదు.

జాలిపడటం మంచి గుణమే. కాని జాలిపడిన జీవాన్ని మన సొంతం చేసుకోవటం కూడా అదే మంచి గుణమా, లేక అది వేరే వ్యవహారమా? ఇక్కడే మనలో చాలామంది తడబడుతున్నారు.

పిల్లి కారణంగా ఒక స్త్రీ నరకం పాలైందన్న హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులో ఆమెపై మోపబడిన నేరమేమిటో నిదానంగా చూడండి. వీధిలో తిరిగే పిల్లికి అన్నం పెట్టలేదని కాదు. ఆమె దాన్ని బంధించింది. తాను తిండీ నీళ్లూ ఇవ్వలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బ్రతకటానికి వదలనూ లేదు. స్వేచ్ఛగా తిరిగే పిల్లికి ముద్ద వేయకపోతే మనకు పోయేది ఒక పుణ్యం మాత్రమే. తలుపు మూసిన తర్వాత వేయకపోతే అది దౌర్జన్యం. ముద్ద అదే, పిల్లి అదే. మధ్యలో వచ్చిన తలుపు దాన్ని సత్కార్యం నుండి విధిగా మార్చివేసింది.

అందుకే మన ఫుఖహా పశువుల పోషణను యజమానిపై విధిగా నిర్ణయించారు. పోషించని యజమానిని న్యాయస్థానం బలవంతపెట్టవచ్చా అన్నదానిలో మాత్రం హనఫీ విద్వాంసులలో భేదముంది. అది అతనికీ అల్లాహ్‌కూ మధ్యనున్న బాధ్యత అన్నది ఒక మాట. బలవంతపెట్టవచ్చునన్నది ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) మాట. మన కాలంలో ఇంట్లో ఆకలితో ఉన్న పిల్లి తరఫున ఏ ఖాజీ వచ్చి తలుపు తట్టడు. అలాంటప్పుడు అప్పగించటానికి ముందే నాలుగు ప్రశ్నలు అడగటంలో తప్పేముంది? ఆ ఫారం మాకైతే అబూ యూసుఫ్ గారి అభిప్రాయానికి దగ్గరగా కనిపించింది.

దిక్కులేని పిల్లులకు ఏర్పాటు చేయటం మన చరిత్రకు కొత్త కాదు. 1277లో మరణించిన ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల కోసం ఒక తోటను వక్ఫ్ చేసినట్లు 19వ శతాబ్దంలో అక్కడ నివసించిన ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ వ్రాశాడు. తోట చేతులు మారిపోయినా, ఖాజీ కచేరీ ఆవరణలో రోజూ సాయంత్రం పిల్లులకు ఆహారం పెట్టడం అప్పటికీ సాగుతూనే ఉందట. అయితే అతడు ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ఇంట్లో పిల్లి బరువైన జనం దాన్ని తెచ్చి అదే ఆవరణలో వదిలిపోయేవారట!

ఈ మాట వ్రాస్తూ మేము తల దించుకోవలసి ఉంది. మదరసాలో చదివే రోజుల్లో వంటశాలలో మాంసం ఎత్తుకుపోతోందని ఒక పిల్లిని గోనెసంచిలో వేసి, సైకిలు మీద రెండు ఊళ్ల అవతల వదిలి వచ్చాము. దానికి మూడేళ్లుగా మా పళ్లెంలోని ముద్ద అలవాటు చేసింది మేమే. చంపలేదు కదా అని సర్ది చెప్పుకున్నాము. పై హదీసు అప్పటికే మాకు కంఠతా వచ్చు.

ఇక పోషణ అంటే పాలన్నం కాదు. పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం అందకపోతే దాని కళ్లూ గుండే దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు కూడా. ఏటేటా టీకాలు, ఇసుక తొట్టి శుభ్రం, పదిహేనేళ్లైనా బ్రతకగల ఆయుష్షు. ఇదంతా లెక్కలోకి వస్తుంది. పొట్టి వెంట్రుకల పిల్లికి రోజూ దువ్వే పని ఉండదు, మన ఎండలకూ తట్టుకుంటుంది. వేలు పోసి కొనే చప్పిడి ముఖం పర్షియన్ పిల్లులు చాలావాటికి ఊపిరి తీయటమే కష్టం. పిల్లి వెల తీసుకోరాదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ముస్లింలో ఉంది. అధిక సంఖ్యాక ఫుఖహా అమ్మకం సమ్మతమే అన్నారు, నిజమే. అయినా వెల లేకుండా దొరికే జీవం ఎదురుచూస్తుండగా సంశయమున్న బేరం దేనికి? కేంద్రంవారు టీకాలకు, శస్త్రచికిత్సకు తీసుకునే రుసుము వెల కాదు. సంతాన నిరోధక శస్త్రచికిత్స గురించి కూడా అడుగుతుంటారు. ప్రయోజనముంటే పశువులకు అది తప్పు కాదని హనఫీ గ్రంథం హిదాయాలో ఉంది.

పిల్లి ఎంగిలి గురించి భయపడేవారు హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వుజూ నీటి పాత్రను పిల్లి కోసం వంచిన సంఘటనను గుర్తుంచుకోవాలి. పిల్లి అశుద్ధం కాదని, అది మన చుట్టూ తిరిగే వాటిలోనిదని మహాప్రవక్త (స) చెప్పినట్లు ఆయనే తెలిపారు. పిల్లిని ప్రేమించటం ఈమాన్‌లో భాగమన్న మాట మాత్రం హదీసు కాదు, కల్పితమని ముల్లా అలీ ఖారీ (రహ్మలై) వంటి విద్వాంసులు తేల్చారు. దయకు సహీహ్ హదీసులే చాలినన్ని ఉన్నాయి.

పోయిన శుక్రవారం ఆ యువకుడు మళ్లీ కలిశాడు, ఫారం చేతిలోనే ఉంది. బాధ్యత వహించేవారు అన్న చోట తన పేరు కొట్టేశాడు. దాని పక్కన వాళ్ల అమ్మీ ఉర్దూలో సంతకం పెట్టారు. ఇంట్లో ఉండేది తనే కాబట్టి తానే చూసుకుంటానన్నారట. బాల్కనీకి జాలీ ఇంకా బిగించవలసి ఉంది.