ఇంటి శుచి

చిరంజీవి సౌభాగ్యవతియగు మనుమరాలికి,

పాత పెంకుటింటిని కొని బాగుచేయించుచున్నావనియు, గోడలకేమి పూయింపవలెనో, గచ్చులును పాత్రలును దేనితో శుభ్రపరుపవలెనో తెలుపుమనియు నీవు వ్రాసిన జాబు అందినది. ప్రశ్న చిన్నదే యైనను గృహస్థధర్మమంతయు అందులో ఇమిడియున్నది గనుక, కొంత విపులముగనే వ్రాయుచున్నాను.

సున్నముతో కట్టిన గోడలకు సున్నమే వేయింపుము. బట్టీలో కాలునపుడు తాను విడిచిన బొగ్గుపులుసు వాయువునే, తడిపి గోడకు పూసిన పిమ్మట గాలినుండి మరల గ్రహించి, సున్నము క్రమముగా రాయియై గట్టిపడును. దాని క్షారగుణముచేత బూజు త్వరగా పట్టదు. గోడలోని చెమ్మకు వెలికిపోవ దారి యుండును. ప్లాస్టిక్ రంగు పూయించితివా, ఆ చెమ్మ లోపలనే నిలిచి, కొన్నాళ్లకు పూతను పెచ్చులు పెచ్చులుగా ఊడదీయును.

ఇక శుభ్రపరచు వస్తువుల మాట. గింజలు తీసిన కుంకుడుకాయలను రాత్రి వేడినీట నానవేసి, తెల్లవారి పిసికి వడగట్టిన రసము పట్టుచీరెలకును నగలకును చక్కగా పనికివచ్చును. ఇత్తడి బిందెపై చింతపండు రుద్దిచూడుము: గుజ్జు నల్లబడుచుండగనే చేతిక్రింద లోహపు పసిమి బయటపడును. పులుపు మకిలిని కరగించును. అయితే వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడువనిచో మరల చిలుము పట్టును.

అట్లని ప్రకృతిసిద్ధమైనదెల్ల నిరపాయమని భ్రమింపకుము. కుంకుడు రసము కంటబడిన మండుటయే గాక, చెరువులో కలిసినచో చేపల మొప్పలను దెబ్బతీయును. కావున ఆ నీటిని పెరటి మట్టిలో ఇంకనిమ్ము. అంటువ్యాధుల వేళ బ్లీచింగు పౌడరు అవసరమే, కాని మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌తో దానిని ఎన్నడును కలుపకుము. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుట్టును.

కొన్ని సబ్బుపొడులలోని ఫాస్ఫేటులు కాలువల వెంట చెరువునకు చేరి నాచునకు ఎరువగును. ఆ నాచు చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోయి, చేపలు చచ్చి తేలును. మన గచ్చు మెరయుటకై ఊరి చెరువును చంపు శుభ్రత, మురికిని పొరుగువానికి అంటగట్టుటయే యని నా దృఢాభిప్రాయము. అట్లే, నీ యింట అంట్లుతోమి బట్టలుతుకు మనిషి చేతులు ఘాటైన ద్రావకములచేత పగులుచుండగా, ఆ యింటిని శుచియైనదని యెట్లు చెప్పగలము?

కావున అమ్మా, ఏ వస్తువును కొనుటకు ముందైనను రెండు ప్రశ్నలు వేసికొనుము: దీనితో కడిగిన నీరు ఎచ్చటికి పోవును? దీనిని నిత్యము ముట్టు చేయి ఎవరిది? ఈ రెండింటికిని నిస్సంకోచముగా బదులు చెప్పగలిగిననాడు, కొనవలసినవి ఎంత స్వల్పమో నీకే తెలియును. మితమే శుచికి మూలమని నమ్మి, నీ యిల్లు దిద్దుకొనుము.

ఇట్లు,
నీ శుభము కోరు తాతయ్య