దసో కాదన్నది ఒక్కసారే

రఫేల్ ఒప్పందం పుణ్యమా అని దసో కంపెనీ పేరు మనందరికీ తెలుసు. ఆ పేరు పుట్టిన కథ మాత్రం ఎక్కువమందికి తెలియదు.

కంపెనీ పెట్టిన మార్సెల్ బ్లోక్ యూదు కుటుంబంలో పుట్టిన ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి విమానాలకి 'ఎక్లేర్' అనే ప్రొపెల్లర్ చేసి పేరు తెచ్చుకున్నాడు. రెండో యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయాక, జర్మన్ల కోసం విమానాలు చెయ్యనన్నాడు. జైళ్ళ తర్వాత, 1944 ఆగస్టులో బూహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. ప్రాణాలతో బయటపడ్డాక ఇంటిపేరు మార్చుకున్నాడు. ప్రతిఘటనోద్యమంలో వాళ్ళన్నయ్య వాడిన మారుపేరులోంచి వచ్చిందే 'దసో'. దాని మూలం యుద్ధ ట్యాంకుని సూచించే ఫ్రెంచి మాట.

ఇక్కడిదాకా కథ బాగుంటుంది. 1963లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాకి ఆయుధాలు అమ్మొద్దని దేశాలని కోరింది. ఆ తర్వాత కూడా దసో మిరాజ్‌లు అక్కడికి వెళ్ళాయి. 1977లో గానీ నిషేధం తప్పనిసరి కాలేదు.

దీనికి సిద్ధంగా ఉండే జవాబు: అనుమతిచ్చింది ప్రభుత్వం, కంపెనీ చేసింది చట్టబద్ధమైన వ్యాపారం. నిజమే. కానీ 1940లో ఫ్రాన్సుని ఏలిన విషీ ప్రభుత్వం కూడా ప్రభుత్వమే కదా! దాని హయాంలో జర్మన్లకి పనిచేసిన ఫ్యాక్టరీలూ ఇదే జవాబు చెప్పుకోవచ్చు. బ్లోక్ ఆ జవాబు వెనక దాక్కోలేదు. తన చేతిపని ఎవరికి ఉపయోగపడుతుందో తానే ఆలోచించుకున్నాడు. అంటే ఆ ప్రశ్న తయారీదారుడు అడగదగ్గదేనని తన ప్రాణం పణంగా పెట్టి నిరూపించాడు. అందుకే తర్వాతి అమ్మకాలు నన్ను ఇబ్బంది పెడతాయి.

రెండూ ఒకటేనని నేననను. తనని వేటాడుతున్నవాడికి కాదనడం వేరు, దూరదేశంలో ఇంకెవరినో అణిచేస్తున్న కొనుగోలుదారుకి కాదనడం వేరు. రెండోదాంట్లో శిబిరం భయం లేదు, పోయేది లాభమే. అయినా అదే కష్టమనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బాధితుడు మనం కాదు. అలాగని ఆయుధాల తయారీయే తప్పనీ అనలేను. 1999లో కార్గిల్ కొండల మీద మన సైన్యానికి అక్కరకొచ్చింది దసో చేసిన మిరాజ్ 2000లే.

2025 జూన్‌లో దసో, టాటా సంస్థలు రఫేల్ ప్రధాన దేహభాగాలని హైదరాబాద్‌లో చెయ్యడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఆ భాగాలు భారత్‌కే కాదు, ఇతర దేశాల విమానాలకీ వెళ్తాయి. ఉద్యోగాలు వస్తాయి, మంచిదే. ఆ విమానాలు ఎవరి చేతికి వెళ్తున్నాయన్న ప్రశ్న ఇకమీదట మన ఇంజనీర్లది కూడా.