మొదట ఎవరి దగ్గరికి?

ఒంట్లో నలతగా ఉంటే నా మనసు ముందు పెద్దాసుపత్రి వైపే పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) గుర్తుకు రాక కాదు. గుర్తొచ్చినా, అది చిన్నాచితకా జబ్బులకేలే అని పక్కన పెట్టేస్తాను. నాది చిన్న జబ్బో పెద్ద జబ్బో తేల్చాల్సింది డాక్టరు కదా, ఆ మాట నేనే ఎందుకు చెప్పేసుకుంటున్నాను?

లోపలికి చూసుకుంటే మొదట కనిపించేది భయం. ఎక్కువ ఖర్చు పెడితే ప్రమాదం తప్పుతుందని అది నన్ను నమ్మిస్తుంది. దాని వెనకే పరువు ఉంది: ఉచిత వైద్యం కోసం వరుసలో కూర్చుంటే తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెరుకు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చి పేదలకు పెద్దాసుపత్రుల్లో ఖరీదైన ఆపరేషన్లు అందించింది, అది గొప్ప మేలు. కానీ బీపీ, షుగరు ముదరకముందే పట్టుకోవాల్సిన ఆరోగ్య కేంద్రం మీద నాకు అంతటి గురి కుదరలేదు.

అలాగని ప్రభుత్వ వైద్యం మీద నాకు నమ్మకమే లేదా? ఉంది. పిల్లల టీకాలంటే బుధవారం, శనివారం ఏఎన్‌ఎం దగ్గరికే వెళ్తాం. కుక్క కరిస్తే సూదికి పీహెచ్‌సీకే పరుగెత్తుతాం. మరి టీకా వేసే నర్సమ్మను నమ్మే నేను అక్కడి డాక్టరు దగ్గర ఎందుకు తటపటాయిస్తున్నాను? నర్సమ్మకు బిడ్డ పేరు తెలుసు, చెప్పిన రోజున ఉంటుంది. డాక్టరు ఎన్నాళ్లుంటారో తెలియదు. జ్వరం రాత్రిపూట కాస్తుంది, ఓపీ సాయంత్రానికే మూసేస్తారు. డాక్టరు చదువు లేకపోయినా ఊళ్లో ఆర్‌ఎంపీ నిలదొక్కుకున్నది ఇందుకే. అర్ధరాత్రి పిలిచినా పలుకుతాడు.

మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది ప్రమాణం. లెక్క ప్రకారం భవనం కడితే చాలదు. మారిపోని డాక్టరు, నిండుకోని మందులు, అవసరమైతే పై ఆసుపత్రికి రాసిచ్చే చీటీ, అక్కడ ఆ చీటీకి విలువ: ఇవి ప్రభుత్వం చూడాల్సినవి. భయాన్నీ పరువునూ దాటి ముందు అక్కడికి వెళ్లడం నేను చేయాల్సిన పని. జనం రాని చోట డాక్టరు కుదురుగా ఉండరు, డాక్టరు ఉండని చోటికి జనం రారు. ఎవరో ఒకరు ముందు కదలాలి.

ప్రాణం మీదికొస్తే 108 ఉంది. మిగతా వాటికి మొదట మీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికే వెళ్లండి. అక్కడ డాక్టరు లేకపోతే ఊరుకుని వెనక్కి రాకండి, ఎందుకు లేరని అడగండి. నేనూ అదే చేస్తాను.