సితారాయు, ఆలకించు చెవియు

వాక్యభాగము: 1 సమూయేలు 16:14–23, 18:6–11



గోదావరి తీరము విడిచి దూరప్రాంతములలో బ్రతుకుచున్న మనలో అనేకులు 1996 నవంబరు 6వ తేదీని మరువలేరు. ఆ దినమున తుపాను కాకినాడకు దక్షిణముగా తీరము దాటి యానామును, కోనసీమను కొట్టెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. వేటకు వెళ్లిన అనేకమంది మత్స్యకారులు తిరిగి రాలేదు. దేహము దొరకని యిండ్లలో, ఏడ్చి సమాధి చేసికొనుటకైనను వీలు లేకపోయెను.

కూలిన యిల్లు మరల కట్టుకొందుము. అయితే అట్టి ఆపద చూచిన కొందరి మనస్సులో తుపాను వెలియదు. గాలి హోరుమంటే గుండె దడదడలాడును. పీడకలతో అర్ధరాత్రి కేకవేసి లేతురు. ఆ దినపు మాట యెత్తితే లేచి పోవుదురు. వైద్యులు దీనికి 1980లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టిరి. ఇది అవిశ్వాసము కాదు, పిరికితనము కాదు, దయ్యము పట్టుట అంతకంటె కాదు. ఇది గాయము.

సౌలు బాధకు నేటి వైద్యుల పేరు పెట్టుట మన పని కాదు. అయినను అతని చరిత్రలో మనకు బుద్ధి యున్నది. దావీదు సితారా వాయించినప్పుడు సౌలు సేదదీరెను. సంగీతము దేవుడిచ్చిన మేలైన వరమే. అయితే 18వ అధ్యాయము కూడ చదువుడి. వీధిలో స్త్రీలు పాడిన పాట అదే సౌలును గాయపరచెను. మరునాడు దావీదు ఎప్పటివలె వాయించుచుండగానే అతడు ఈటె విసరెను. సితారా మారలేదు, వాయించు చేయి మారలేదు. లోపలి భయము మాత్రము విప్పబడక అట్లే యుండెను.

అదే గ్రంథము మొదట హన్నాను చూడుడి. ఆమె ముందు తన ఆత్మను దేవుని సన్నిధిని కుమ్మరించెను. ఏలీ మొదట ఆమెను మత్తురాలని తలంచెను. ఆమె మాట ఆలకించిన తరువాత సమాధానముతో పంపెను. ఆమె ముఖము మారెను. పాట తరువాత వచ్చెను.

నేటి వైద్యము కూడ ఈ రెంటిని జత చేయుచున్నది. ఈ గాయమునకు ముఖ్యమైన చికిత్స శిక్షణ పొందిన వారితో మాటలాడుటయే. అయితే కొందరికి మాట పెగలదు. డెన్మార్క్‌లో 74 మంది శరణార్థులతో జరిగిన పరిశోధన 2021లో ప్రచురింపబడెను. సంగీతము వినుచు, మనస్సులో కదిలిన దానిని చికిత్సకునితో పంచుకొను పద్ధతి, మామూలు మాట చికిత్సకు తీసిపోలేదని అందులో తేలెను. పాట తలుపు తీయును. ఆ తలుపులోనుండి దుఃఖము బయటికి వచ్చునప్పుడు వినువాడొకడు కావలెను.

కాబట్టి దుఃఖములో నున్న యింటికి వెళ్లినప్పుడు వెంటనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరచి గట్టిగా పాడవలెనని తొందరపడకుడి. దుఃఖచిత్తునికి పాటలు వినిపించుట చలిలో పైబట్ట లాగివేయుట వంటిదని సామెతలు 25:20 హెచ్చరించుచున్నది. సమాధియొద్ద పాడిన కీర్తనయే ఒకరికి ఆ దినమును మరల కన్నుల ముందు నిలుపవచ్చును. ఏ పాట వినవలెనో వారినే అడుగుడి. తక్కువ స్వరముతో, కొద్దిసేపు వినిపించుడి. వద్దనినచో ఆపుడి. పాట ముగిసిన తరువాత ప్రశ్నలు కురిపింపక ప్రక్కన కూర్చుండుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి తప్పులెన్నినప్పుడు బాధకులైరి. జరిగినదంతా చెప్పుమని ఎవరిని బలవంతపెట్టకుడి. చెప్పినప్పుడు వినుడి, విన్నది సంఘములో చాటకుడి.

అయితే మన పరామర్శ చికిత్సకు బదులు కాదు. పీడకలలు, నిద్రలేమి, ఉలికిపాటు నెల దాటియు విడువనియెడల వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడి. చచ్చిపోవలెనను మాట వారి నోట వచ్చినచో ఒక్క దినమైనను ఆగకుడి. భారతదేశములో నున్నవారు 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరున ఉచితముగా, తెలుగులోనే ఫోను చేయవచ్చును. ప్రార్థించు నోరే వైద్యునితో మాటలాడుటలో సిగ్గు లేదు.

ప్రియులారా, మన కూటములలో పాడువారు అనేకులున్నారు. స్తోత్రము! ఆలకించువారెందరు? ఈ వారము మీకు తెలిసిన ఒక్క గాయపడిన హృదయము ప్రక్కన తొందర లేక కూర్చుండుడి. బబులోను నదులయొద్ద చెట్లకు తగిలించిన సితారాలను ఎవరును బలవంతముగా దింపింపలేరు. వారి కన్నీటిని విన్నవారి ప్రక్కన, ఒక దినమున వారే దింపుకొందురు.

విరిగిన హృదయముగలవారికి ఆసన్నుడైన ప్రభువు మనకు ఆలకించు చెవి దయచేయును గాక. ఆమేన్.