ఎగువా దిగువా

అనంతగిరి కొండల తూర్పు వాలున పడిన చినుకు మూసీలో చేరి, హైదరాబాదు మీదుగా పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడిన చినుకు కాగ్నాలో చేరి, తాండూరు దాటి, భీమలో పడి, చివరకు అదే కృష్ణను చేరుతుంది. ఈ దారిని నిర్ణయించేది నేల వాలేగాని గెట్టు రాళ్లూ పట్టా కాగితాలూ కావు. ఇలా ఒక యేటికి నీరందించే నేలంతటినీ పరీవాహక ప్రాంతం అంటున్నాం. ఏరు ఒక్కటే, ఆ నేలకు యజమానులు మాత్రం వేలమంది. నా చేలో నేను చేసుకునే పనికి, దిగువన నేనెన్నడూ చూడని మనిషికి జవాబు చెప్పుకోవలసి ఉన్నదా?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. వాన ఒక్కటే కారణం కాదు. ఎగువన వందల చెరువుల కట్టలు తెగి ఆ నీరూ నగరం మీద పడింది. ఆ తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వచ్చాయి. వరద అదుపయింది, తాగునీరూ దొరికింది. 1996లో జీవో 111 వాటి చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కర్మాగారాలనూ పెద్ద కట్టడాలనూ నిషేధించింది. 84 గ్రామాలు ఆ హద్దులోకి వచ్చాయి.

మంచి ఉత్తరువని తరగతిలో చెప్పాను. మొయినాబాదు వైపు నుంచి వచ్చే విద్యార్థి లేచి, "మీరు తాగే నీళ్ల కోసం మా నాయన భూమికి ధర లేకుండా పోయింది సార్. మాకేమిచ్చిన్రు?" అన్నాడు. నల్లా బిల్లు కడుతున్నాననటం జవాబు కాదు గదా! దిగువ వాళ్ల దాహానికి ఎగువ రైతు ఒక్కడే వెల చెల్లించాలంటే ఏ సామ్యవాదమూ ఒప్పుకోదు.

2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తివేసింది. నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద ఆధారపడటం లేదన్నది చెప్పిన కారణం. కుళాయితో మాత్రమే నేలను కొలిచే లెక్క ఇది. వాన నీటిని ఇంకించుకొని మెల్లగా వదలటం కూడా నేల చేసే పనే. దానిమీద కాంక్రీటు పరిస్తే నీరంతా ఒక్కసారిగా పరుగెత్తుతుంది. 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లెత్తినప్పుడు నీళ్లు దూరింది చాదర్‌ఘాట్, మూసానగర్ పేదల ఇళ్లలోకి. ఇక ధర పెరిగితే బాగుపడేదెవరు? ఆ విద్యార్థి తండ్రి సగం భూమి ఎప్పుడో అమ్ముకున్నాడట, కొన్నవాడు నగరవాసి.

నీరు ఇంకించుకునే నేలకు నగరం ఏటా కౌలు కట్టాలని నేననుకుంటున్నాను. ఆ మాటే ఆ అబ్బాయితో అన్నాను.

"ఎకరానికి ఎంత సార్?" అని అడిగాడు.