చవక గది, ‘మనవాడు’ అనే మాట

తక్కువ అద్దెకు గది తీసికొన్న యాత్రికుడు ఆ గదిని ఊడ్చే మనిషికి ఏమైనా బాకీ ఉంటాడా? అద్దె చెల్లించాము, రసీదు పుచ్చుకున్నాము, లెక్క తీరిపోయిందని మనలో చాలామందిమి అనుకుంటాము. ఒడిషాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు సెలవులంటే పూరీ సముద్రమే గనుక, ఈ ప్రశ్నను ఆ ఊరి లాడ్జీల దగ్గరనే పెట్టి చూద్దాము.

బరంపురము నుండి ఖుర్దా రోడ్డు మీదుగా వెళ్లేవారికి పూరీ ఏమంత దూరము కాదు. పెద్ద హోటళ్ల సంగతి మనకు అక్కరలేదు. చక్రతీర్థ రోడ్డు వైపున, స్వర్గద్వారము వెనుక సందులలో మన జేబుకు తగిన లాడ్జీలు ఉన్నవి. రెండు మంచములు, ఒక ఫ్యాను, బకెట్టు, మగ్గు. కిటికీ తెరిస్తే కెరటాల హోరు, లేకుంటే ప్రక్క లాడ్జీ గోడ. ఉప్పుగాలికి గొళ్లెములు తుప్పు పట్టి ఉంటాయి, గోడల రంగు పెచ్చులుగా లేచి ఉంటుంది. దీనిని మేము తప్పుగా చెప్పుట లేదు. సముద్రపు ఒడ్డున ఇనుమును, గోడను కాపాడుకొనుట ఖర్చుతో కూడిన పని. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరనే తీరము దాటినప్పుడు ఊరంతా దెబ్బ తిన్నది, అనేక దినములు కరెంటు లేదు. అట్టిచోట చిన్న లాడ్జీ నడుపుకొనుట తేలికైన వ్యాపారము కాదు.

పూరీలో చాలా లాడ్జీలలో ఉదయము 8 గంటలకే గది ఖాళీ చేయమంటారు. కొత్తగా వెళ్లినవారికి ఇది కోపము తెప్పించును. హౌరాలో రాత్రి బయలుదేరిన రైళ్లు తెల్లవారేసరికి పూరీ చేరుతాయి, దిగిన బెంగాలీ కుటుంబములకు వెంటనే గది కావాలి. మనము వెళ్లుటకు, వారు వచ్చుటకు నడుమనున్న కొద్ది సమయములో ఒకడు మన ఇసుకను ఊడ్చి, పక్కబట్టలు మార్చి, బాత్‌రూము కడగాలి. ఎనిమిది గంటల నిబంధన గోడ మీద వ్రాసి ఉంటుంది గాని దాని బరువు ఆ మనిషి నడుము మీదనే ఉంటుంది.

చవకలో రెండు రకములున్నవని మా అభిప్రాయము. ఏ.సి. లేదు, లిఫ్టు లేదు, సముద్రము కనబడదు, రథయాత్ర గాని దసరా సెలవులు గాని కాని దినములు. వీటివలన తగ్గిన అద్దె న్యాయమైనది, ఎందుకంటే వదులుకున్నది మనమే. రెండవ రకము వేరు. గదులు కడిగే కుర్రవానికి సెలవు లేదు, పడుకొనుటకు మంచము లేదు, జీతము పేరుకే, మిగిలినది యాత్రికులు ఇచ్చే చిల్లర. ఇక్కడ వదులుకున్నవాడు అతడు, లాభము పొందినది మనము. 14 ఏండ్ల లోపు పిల్లలను హోటళ్లలో, టీ దుకాణములలో పనికి పెట్టుకొనరాదని 2006 అక్టోబరు 10 నుండి నిషేధమున్నది. పదిహేనేండ్లవాని సంగతి, ఇరవై ఏండ్లవాని సంగతి ఆ నిషేధము చెప్పదు.

“జీతము నిర్ణయించేది యజమాని గదా, మేమేమి చేయగలము? నూరు రూపాయలు ఎక్కువిచ్చినా అది కౌంటరులోనికే పోవును” అని మన పెద్దలలో ఒకరు వాదించారు. ఈ మాటలో నిజమున్నది. మనమును ధనవంతులము కాము, ఏడాదంతా కూడబెట్టుకొని మూడు దినములు సముద్రము చూడబోయే వారము. అయితే ఇద్దరి గదిలో ఎనిమిది మందిమి పడుకొనుట, తడి బట్టలతో పరుపు మీద కూర్చొనుట, చేప ముళ్లను కాగితములో చుట్టి మంచము క్రింద వదిలి వచ్చుట, వీటిని ఏ యజమానియు నిర్ణయించలేదు. ఆ కుర్రవాని చేతిలో నేరుగా పెట్టే సొమ్ము కౌంటరు దాకా పోనక్కరలేదు.

మాకు ఇంతకంటె కష్టముగా తోచే సంగతి లాడ్జీ బయట, ఇసుక మీద ఉన్నది. పూరీలో సముద్ర స్నానమునకు నోలియాల సాయము తీసికొనే వాడుక ఉన్నది. నెత్తిన కోసు టోపీ పెట్టుకొని, చెయ్యి పట్టుకొని కెరటాలలోనికి తీసికొనిపోయేవారు. అక్కడి నీటి లాగుడు తెలియని పిల్లలకు ఆ చెయ్యే ప్రాణము. వీరిలో అనేకులు పెంటకోట జాలరిపేటవారు, ఇంటిలో తెలుగు మాటలాడేవారు. వారి పెద్దలు మన పెద్దలవలెనే ఆంధ్ర తీరము విడిచి బ్రతుకుతెరువుకు వచ్చినవారు.

వారి నోట తెలుగు వినగానే మనవారి ముఖములు వెలిగిపోవును. వెంటనే బేరము మొదలు. “ఏం తమ్ముడూ, మనోళ్లమే గదా, కాస్త తగ్గించు.” బెంగాలీ బాబులు అడిగినంత ఇచ్చి పోగా, భాష తెలిసిన మనము సగానికి బేరమాడుతాము. చుట్టరికము మాటలలో కలిసి, డబ్బుల దగ్గర మాత్రము ఒకవైపే నడుచును. ఒకసారి మా గుంపులోని వారు ఇట్లే అడిగినప్పుడు ఒక నడివయసు నోలియా నవ్వి, “మనోలైతే ఒక యాబై ఎక్కువే ఇయ్యాల గదా బాబూ” అన్నాడు. మాలో కొందరికి అది పొగరుగా తోచినది. మాకు మాత్రము అతని లెక్కలో తప్పు కనబడలేదు. పరాయి ఊరిలో స్థిరపడిన మనమందరము ‘మనవాడు’ అనే మాట మీదనే ఇల్లు సంపాదించుకున్నాము, పని సంపాదించుకున్నాము. ఆ మాట పట్టుకొని మనకంటె తక్కువ సంపాదనవాని కూలి తగ్గించుటకు మనకు ఏమి హక్కు ఉన్నది?

ఈ మధ్య మా కుటుంబములు కొన్ని కలిసి వెళ్లునప్పుడు, అద్దెతోబాటు కౌంటరులో ఇంకొకటి అడుగుచున్నాము: మీ కుర్రవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు? చాలామంది మేనేజర్లకు ఈ ప్రశ్న నచ్చదు. ఒకచోట మెట్ల వైపు చేయి చూపి మాట మార్చారు. మరియొకచోట మేనేజరు ఆశ్చర్యపడి, తాళము తీసి, వంటగది వెనుక చిన్న గది చూపించాడు. మూడు మంచములు, ఒక ఫ్యాను, తాడు మీద ఆరవేసిన చొక్కాలు. అక్కడ అద్దె ప్రక్క లాడ్జీకంటె కొంత ఎక్కువ. మా స్త్రీలు కాసేపు లెక్క చూసుకొని, నాలుగు దినములనుకున్నది మూడు దినములకు తగ్గించి, అక్కడే రెండు గదులు తీసికొన్నారు.